ఆకారమే ఆదేశం: ఇంట్లో చేసుకునే ‘కరకురి’ కాగితపు యంత్రాలు

ఒక కాగితపు పెట్టె. దాని పక్కన చిన్న పిడి, పైన ఒక పిట్ట. పిడిని తిప్పితే పిట్ట పైకి లేస్తూ రెక్కలు కిందికి కొడుతుంది. ఇంకాస్త తిప్పితే కిందికి దిగుతూ రెక్కలు పైకెత్తుతుంది. లోపల మోటారు లేదు, బ్యాటరీ లేదు, ఇనుప ముక్క అసలే లేదు. పెట్టె ముందు భాగం తెరిచే ఉంటుంది కాబట్టి దాపరికం కూడా లేదు. గుండ్రంగా తిరిగే చెయ్యి రెక్కల ఊపుగా ఎలా మారుతోందో కళ్లెదుటే కనిపిస్తుంది.

ఇలాంటి నమూనాలకు జపాన్‌లో ‘కరకురి’ కాగితపు బొమ్మలని పేరు. ‘కరకురి’ అంటే లోపల యంత్రాంగం పెట్టి చేసిన చమత్కారం. మన పాఠ్యపుస్తకాల్లో తులాదండం, గిలక, చక్రం–ఇరుసు బొమ్మలుగా కనిపిస్తాయి. ఇంట్లోని యంత్రాలేమో మూత బిగించి వస్తాయి. ఈ రెండింటి మధ్య యంత్రాన్ని చేత్తో పట్టుకుని, తిప్పి, ఎక్కడ మొరాయించిందో వెతికే అనుభవం పిల్లలకు దొరకడం లేదు. ఆ లోటును తీర్చడానికి ఒక ఏ4 కాగితం, ఒక డ్రాయింగ్ షీట్, కాస్త బంక చాలు.

టీ అందించే బొమ్మ నుంచి కాగితం పెంగ్విన్ దాకా

కరకురి చరిత్ర కాగితంతో మొదలు కాలేదు. 16వ శతాబ్దంలో యూరప్ నుంచి గడియారాలు జపాన్ చేరాయి. వాటి పళ్ల చక్రాల విద్యను అక్కడి పనివాళ్లు నేర్చుకుని, తమ చెక్కపనితో కలిపారు. ఒసాకా నగరంలోని దోతొన్‌బొరి ప్రాంతంలో 1662లో తకెదా ఓమి అనే కళాకారుడు యంత్రపు బొమ్మల కోసమే ఒక నాటకశాల తెరిచాడు. తకయామా, ఇనుయామా వంటి ఊళ్లలో ఉత్సవ రథాలపై ఇలాంటి బొమ్మల ప్రదర్శన నేటికీ సాగుతోంది.

వీటిలో అందరికీ తెలిసింది టీ అందించే బొమ్మ. చేతిలోని పళ్లెంపై గిన్నె పెడితే ఆ బరువుకు బొమ్మ చెయ్యి కాస్త కిందికి దిగి, లోపలి ఆపుడు తొలగిపోతుంది. బొమ్మ అతిథి వైపు కదులుతుంది. అతిథి గిన్నె తీసుకోగానే ఆగిపోతుంది. ఖాళీ గిన్నె తిరిగి పెడితే వెనక్కి మళ్లుతుంది. ఈ బొమ్మ నిర్మాణాన్ని హొసొకవా హన్జో యొరినవొ 1796లో మూడు సంపుటాల ‘కరకురి జుయి’ అనే గ్రంథంలో బొమ్మలు గీసి మరీ వివరించాడు. నాలుగు రకాల గడియారాలు, తొమ్మిది రకాల యంత్రపు బొమ్మల తయారీ అందులో ఉంది. చక్రాలకు చెక్క, స్ప్రింగుకు తిమింగలం నోటిలో ఉండే బలీన్ పట్టీ వాడారు. అంతకుముందు గురువు నుంచి శిష్యుడికి మాత్రమే అందిన రహస్యం ఆ పుస్తకంతో చదివినవారందరిదీ అయింది. 20వ శతాబ్దంలో దాన్ని చూసుకుంటూనే ఆ బొమ్మను మళ్లీ తయారు చేశారు.

కురుమె పట్టణంలో 1799లో పుట్టిన తనకా హిసషిగె ఈ విద్యను మరో మెట్టు ఎక్కించాడు. అమ్ములపొది నుంచి బాణం తీసి, వింటికి సంధించి వదిలే బాలుడి బొమ్మ ఆయన చేసిందే. బాలుడి చేతుల్ని, తలను దారాలు కదిలిస్తాయి. ఏ దారం ఎప్పుడు ఎంత లాగాలన్నది ఇరుసుకు బిగించిన వంకర బిళ్లలు నిర్ణయిస్తాయి. తనకా 1875లో టోక్యోలో మొదలుపెట్టిన కార్ఖానాయే తర్వాతి కాలంలో తోషిబా సంస్థకు మూలమైంది.

కాగితంతో ఈ విద్యను సామాన్యుల బల్లపైకి తెచ్చినవారు మన కాలపు జపాన్ రూపకర్తలు. కైసుకె సకా తన పుస్తకంలో క్రాంక్, క్యామ్ వంటి యంత్రాంగాలను ఒక్కొక్కటిగా కత్తిరించి అతికించే నమూనాలుగా ఇచ్చారు. హరుకి నకమురా చేసిన నమూనాల్లో ‘పెంగ్విన్ బాంబు’ ప్రసిద్ధం. చదునుగా నొక్కిన కాగితాన్ని నేలకు కొడితే టప్పున లేచి పెంగ్విన్‌గా నిలబడుతుంది.

తోలుబొమ్మలాటలో ప్రతి కదలికా ఆడించేవారి వేళ్ల నుంచే పుడుతుంది. విలుకాడి బొమ్మలో ఆ కదలికలన్నీ బిళ్లల అంచుల్లో ముందే కోసి పెట్టి ఉంటాయి. బిళ్ల అంచే ఆదేశాల పట్టిక. ఆ సంగతి అర్థమైతే కాగితపు యంత్రాల గుట్టు సగం తెలిసినట్టే.

కాగితం ఎంత బరువు మోస్తుంది?

యంత్రానికి గట్టి పదార్థం కావాలి. పల్చటి కాగితం ఆ పనికి ఎలా సరిపోతుంది? దీనికి మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది మందం. ఒక పలకను వంచడానికి కావలసిన బలం దాని మందం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే రెండు ముక్కల్ని కలిపి పూర్తిగా అతికిస్తే గట్టిదనం రెట్టింపు కాదు, దాదాపు 8 రెట్లు అవుతుంది. మూడు అతికిస్తే 27 రెట్లు. బంక అంతటా సమంగా పట్టినప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. మధ్యలో అంటుకోకపోతే పొరలు ఒకదానిపై ఒకటి జారి, ఆ లాభం పోతుంది.

రెండోది మడత. రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టిన కాగితపు పట్టీ తన బరువుకే కుంగిపోతుంది. అదే పట్టీని పొడవునా ఒకసారి మడిచి ‘వి’ ఆకారంలో నిలిపితే పెన్సిలు పెట్టినా ఆగుతుంది. పదార్థం మధ్యరేఖకు దూరంగా జరిగేకొద్దీ వంగడం కష్టమవుతుంది. గొట్టంగా చుట్టిన కాగితం గట్టిగా ఉండటానికీ కారణం ఇదే.

మూడోది నార దిశ. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని నారలు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పడుకుంటాయి. అందుకే ప్రతి కాగితానికీ చెక్కలాగే ఒక వాలు ఉంటుంది. దాన్ని కనిపెట్టడం తేలిక. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు సులువుగా వంగితే, ఆ వంపు గీత వెంబడే నారలు ఉన్నట్టు. నార వెంబడి చించితే చీలిక తిన్నగా పోతుంది, అడ్డంగా చించితే వంకర్లు తిరుగుతుంది. గొట్టం పొడవు, నార దిశ ఒకటైతే చుట్టడం సులువు, గొట్టమూ బలంగా ఉంటుంది. వానాకాలం తేమకు నారలు పొడవులో కన్నా అడ్డంలో ఎక్కువ ఉబ్బుతాయి. అట్టలు వంకర తిరగడానికి కారణం అదే.

అట్ట కోసం దుకాణానికే వెళ్లాల్సిన పని లేదు. పాత శుభలేఖలు, బట్టల పెట్టెల అట్టలు, మందుల డబ్బాలు బాగా పనికొస్తాయి. కొనదలిస్తే 200 నుంచి 250 జీఎస్ఎం డ్రాయింగ్ షీట్ సరైనది.

చలనాన్ని మార్చే నాలుగు మార్గాలు

కరకురి నమూనా ఏదైనా, చేతి తిప్పుడును మరో రకం కదలికగా మార్చడమే దాని పని. ఇందుకు తరచూ వాడే మార్గాలు నాలుగు.

క్రాంక్: ఇరుసు నుంచి పక్కకు జరిగిన పిడి. తొక్కుడు కుట్టుమిషనులో పాదం పలకను ముందుకూ వెనక్కూ ఊపితే, కడ్డీ ద్వారా కింది పెద్ద చక్రం గుండ్రంగా తిరుగుతుంది. కాగితపు బొమ్మల్లో ఎక్కువగా దీన్ని తిరగేసి వాడతారు. గుండ్రటి తిప్పుడు ఊపుగా మారుతుంది.

క్యామ్: ఇరుసుకు బిగించిన వంకర బిళ్ల. దాని అంచుపై ఆనుకున్న కడ్డీ, అంచు ఎత్తుపల్లాలను బట్టి పైకీ కిందికీ పోతుంది. మోటార్ సైకిల్, కారు ఇంజిన్లలో కవాటాలు సరైన సమయానికి తెరుచుకునేది క్యామ్‌ల వల్లే.

కీళ్ల కడ్డీలు: ఒకదానికొకటి కీళ్లతో కలిసిన పట్టీలు. చిన్న ఊపును పెద్దది చేయడానికి, దిశ మార్చడానికి ఇవి పనికొస్తాయి. కాగితానికి ఇందులో ఒక సహజమైన వరం ఉంది. మేకు, మర అక్కర్లేకుండా మడతే కీలు అవుతుంది.

జెనీవా చక్రం: ఆగి ఆగి తిరిగే చక్రం. నాలుగు చీలికలున్న చక్రంలోకి మరో చక్రానికి ఉన్న మేకు దూరి, దాన్ని పావు చుట్టు తిప్పి బయటికి వస్తుంది. మేకు చుట్టు తిరిగే కాలంలో నాలుగో వంతు మాత్రమే రెండో చక్రం కదులుతుంది, మిగతా మూడు వంతులు నిశ్చలంగా ఉంటుంది. రీళ్ల కాలపు సినిమా ప్రొజెక్టర్లో ఫిల్మును సెకనుకు 24 సార్లు లాగి ఆపింది ఇలాంటి చక్రమే. బొమ్మ తెరపై పడేటప్పుడు ఫిల్ము ఆగి ఉండాలి కదా.

వీటిలో క్యామ్, కీళ్ల కడ్డీ రెండూ కలిసిన నమూనాను కింద చూద్దాం.

చేసి చూద్దాం: రెక్కలాడించే పిట్ట

కావలసినవి: ఒక ఏ4 తెల్ల కాగితం (80 జీఎస్ఎం), ఏ3 సైజు డ్రాయింగ్ షీట్ ఒకటి, పాత శుభలేఖలు రెండు మూడు, తెల్ల బంక, కత్తెర, స్కేలు, వృత్తలేఖిని, పెన్సిలు, ఖాళీ బాల్‌పెన్ రీఫిల్. రంధ్రాలు చేసే పని, కట్టరు వాడే పని పెద్దవాళ్లు చేయాలి.

1. గొట్టాలు. ఏ4 కాగితాన్ని పొడవు వైపు నుంచి వరుసగా 130, 110, 25, 25 మి.మీ. ముక్కలుగా కోయాలి. ప్రతి ముక్కా 210 మి.మీ. వెడల్పుతో వస్తుంది. మొదటి ముక్కను రీఫిల్ చుట్టూ బిగుతుగా చుట్టి, చివర బంక పూసి అతికించాలి. 210 మి.మీ. కాగితం చుట్టుకునే సరికి గొట్టం దాదాపు 6 మి.మీ. మందం అవుతుంది. 130 మి.మీ. పొడవున్న ఈ గొట్టం ఇరుసు. రెండో ముక్కతో 110 మి.మీ. పొడవున్న నిలువు కడ్డీ, ఒక చిన్న ముక్కతో పిడి అలాగే చుట్టాలి. బంక ఆరేలోపే రీఫిల్ బయటికి లాగేయాలి.

2. తొడుగు. మిగిలిన 25 మి.మీ. ముక్కను నిలువు కడ్డీ చుట్టూ చుట్టాలి. అయితే ముందుగా కడ్డీపై ఒక వరుస వేరే కాగితం చుట్టి, దానిపై తొడుగు చుట్టి, ఆరాక ఆ మధ్య కాగితాన్ని లాగేయాలి. అప్పుడు కడ్డీకీ తొడుగుకూ మధ్య కాగితం మందమంత సందు మిగులుతుంది. కడ్డీ జారడానికి అది చాలు.

3. పెట్టె. డ్రాయింగ్ షీట్ నుంచి 355 మి.మీ. పొడవు, 70 మి.మీ. వెడల్పు పట్టీ కోయాలి. దానిపై 80, 90, 80, 90, 15 మి.మీ. దగ్గర గీతలు గీసి, ఖాళీ రీఫిల్ మొనతో నొక్కి, మడవాలి. వరుసగా ఇవి అడుగు, గోడ, పైకప్పు, గోడ, అతుకు అవుతాయి. అతికించే ముందే రెండు గోడల్లో అడుగు నుంచి 35 మి.మీ. ఎత్తున, వెడల్పుకు సరిగ్గా మధ్యలో పెన్సిలు మందమంత రంధ్రాలు చేయాలి. అంటే సుమారు 7 మి.మీ. పైకప్పు మధ్యలో 8 మి.మీ. రంధ్రం చేయాలి. గోడలు వంగకుండా లోపలి వైపు 90×70 మి.మీ. అట్టముక్కలు అదే చోట రంధ్రం చేసి అతికించాలి.

4. వెనుక గోడ. ఇప్పుడు పెట్టెను పక్కకు నెడితే అది సమాంతర చతుర్భుజంలా వాలిపోతుంది. నాలుగు భుజాల చట్రానికి ఉన్న బలహీనత అది. త్రిభుజం మాత్రం భుజాలు మారకుండా ఆకారం మార్చుకోదు. 80×90 మి.మీ. అట్టకు చుట్టూ 10 మి.మీ. అతుకులు వదిలి వెనుక భాగాన్ని మూసేస్తే, ఆ అట్టలోని ప్రతి మూల కర్ణమూ త్రిభుజపు భుజంలా పనిచేసి పెట్టెను నిటారుగా నిలుపుతుంది. ముందు భాగం తెరిచే ఉంచాలి.

5. క్యామ్. శుభలేఖ అట్టపై 20 మి.మీ. వ్యాసార్థంతో నాలుగు వృత్తాలు గీసి కోసి, ఒకదానిపై ఒకటి అతికించాలి. రంధ్రం కేంద్రంలో చేయకూడదు. కేంద్రం నుంచి 8 మి.మీ. పక్కకు జరిపి, ఇరుసు బిగుతుగా పట్టేలా 6 మి.మీ. రంధ్రం చేయాలి. ఈ 8 మి.మీ. జరుపులోనే యంత్రం అంతా ఉంది.

6. కూర్పు. తొడుగును పైకప్పు రంధ్రంలో పెట్టి, అది పెట్టె లోపలికి వేలాడేలా అతికించాలి. ఇరుసును ఒక గోడలోంచి దూర్చి, క్యామ్ ఎక్కించి, రెండో గోడలోంచి బయటికి తీయాలి. ఒక వైపు 15, మరో వైపు 35 మి.మీ. బయటికి రావాలి. క్యామ్‌ను తొడుగుకు సరిగ్గా కింద ఉండేలా జరిపి అతికించాలి. ఇరుసు పక్కలకు జారకుండా గోడల బయట 8 మి.మీ. వెడల్పు అట్ట పట్టీలను ఉంగరాల్లా చుట్టి అతికించాలి. అవి గోడను ఒత్తకూడదు, వెంట్రుక వాసి దూరంలో ఉండాలి.

7. అడుగు బిళ్ల. నిలువు కడ్డీ ఒక చివర 5 మి.మీ. మేర నాలుగు గాట్లు పెట్టాలి. కడ్డీని పైనుంచి తొడుగులోకి దింపి, పెట్టె లోపల ఆ గాట్లను పూరేకుల్లా విప్పి, 15 మి.మీ. వ్యాసార్థం ఉన్న రెండు పొరల బిళ్లకు మధ్యలో అతికించాలి. ఈ బిళ్ల క్యామ్ అంచుపై కూర్చుంటుంది.

8. పిడి. మూడు పొరల అట్టతో 40×15 మి.మీ. పట్టీ చేసి, 25 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలు చేయాలి. ఒకదాన్ని ఇరుసుకు, రెండో దాన్ని పిడి గొట్టానికి అతికించాలి. పట్టీ ఇంతకన్నా పొడవైతే తిరిగేటప్పుడు బల్లకు తగులుతుంది.

ఇక్కడ ఆగి ఒకసారి తిప్పి చూడాలి. కడ్డీ 16 మి.మీ. మేర పైకీ కిందికీ ఆడాలి. ఎందుకంటే క్యామ్ అంచు ఇరుసుకు దగ్గరగా ఉన్నచోట దూరం 20–8, అంటే 12 మి.మీ. దూరంగా ఉన్నచోట 20+8, అంటే 28 మి.మీ. ఈ రెండింటి తేడా 16. బిళ్ల చదునుగా ఉన్నంతవరకూ కడ్డీ కదలిక అచ్చమైన సరళ హరాత్మక చలనం. గడియారపు లోలకం చిన్న ఊపులు ఊగేటప్పుడు ఏ లయలో ఉంటుందో ఇదీ అదే లయ. మధ్యలో వేగం ఎక్కువ, చివర్లలో క్షణకాలం నిదానం.

పిట్టను పెట్టేముందు మరో వింత చూడొచ్చు. క్యామ్ బంక ఆరకముందే దాన్ని ఇరుసు వెంట 8 మి.మీ. పక్కకు జరిపి తిప్పితే, కడ్డీ పైకీ కిందికీ పోవడమే కాక తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. క్యామ్ అంచు బిళ్లను కేంద్రం దగ్గర కాక పక్కన రాపాడటంతో ఘర్షణ దాన్ని తిప్పుతుంది. బొంగరంలా తిరిగే నర్తకి కావాలంటే క్యామ్ అక్కడే ఉంచాలి. పిట్ట కావాలంటే మళ్లీ మధ్యకు తేవాలి.

9. పిట్ట. 20 మి.మీ. వెడల్పు, 20 ఎత్తు, 60 పొడవు ఉన్న చిన్న పెట్టెను ఒళ్లుగా మడిచి, దాని అడుగున రంధ్రం చేసి, కడ్డీ కొన లోపలి పైభాగాన్ని తాకేలా అతికించాలి. ముక్కు, తోక పెట్టెకు ముందూ వెనుకా వచ్చేలా ఉండాలి. ఒక్కో రెక్క 60×35 మి.మీ., అదనంగా 10 మి.మీ. అతుకు. ఆ అతుకును ఒంటి పై అంచుకు అంటిస్తే మడతే కీలు అవుతుంది.

10. లంకె పట్టీలు. 95×12 మి.మీ. పట్టీలు రెండు కోసి, రెండు చివర్లా 10 మి.మీ. అతుకులు వదిలి, మధ్య 75 మి.మీ. భాగాన్ని పొడవునా ‘వి’ ఆకారంలో మడవాలి. పిడి తిప్పి కడ్డీని సగం ఎత్తులో ఆపాలి. రెక్కల్ని అడ్డంగా చాచి, ప్రతి పట్టీ పై అతుకును రెక్క కీలుకు 20 మి.మీ. దూరంలో, కింది అతుకును దానికి సూటిగా పైకప్పుపై అతికించాలి. పూర్తిగా ఆరేదాకా తిప్పకూడదు.

ఇప్పుడు పిట్ట 8 మి.మీ. పైకి లేస్తే, లంకె పట్టీ పొడవు మారదు కాబట్టి రెక్కను కిందికి లాగుతుంది. కీలుకు 20 మి.మీ. దూరంలో 8 మి.మీ. లాగుడు అంటే దాదాపు 24 డిగ్రీల వంపు. 60 మి.మీ. దూరంలో ఉన్న రెక్క కొన ఒంటితో పోలిస్తే మూడింతలు, అంటే దాదాపు 24 మి.మీ. దిగుతుంది. పిట్ట దిగేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. అప్పుడు పట్టీ రెక్కను పైకి నెట్టాలి. చదును పట్టీ అయితే నెట్టేటప్పుడు వంగిపోతుంది. ‘వి’ మడత అవసరం ఇక్కడే తెలుస్తుంది. నిజమైన పక్షి కూడా రెక్కలు కిందికి కొట్టినప్పుడే ఒంటిని పైకెత్తే బలం పొందుతుంది. అందుకే ఈ బొమ్మ కంటికి సహజంగా అనిపిస్తుంది.

మొరాయిస్తే ఎక్కడ చూడాలి?

మొదటి ప్రయత్నంలోనే సాఫీగా తిరిగే నమూనాలు తక్కువ. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

పైకి లేచిన పిట్ట కిందికి దిగకపోతే: క్యామ్ నెట్టగలదే కానీ లాగలేదు. కడ్డీని దించేది భూమ్యాకర్షణ. బరువు కన్నా ఘర్షణ ఎక్కువైతే పిట్ట గాల్లోనే నిలిచిపోతుంది. పిట్ట ఒంట్లో ఒక రూపాయి నాణెం పెట్టినా, కడ్డీపై మెత్తటి పెన్సిలు ముక్కు రుద్దినా దారికొస్తుంది. పెన్సిలులోని గ్రాఫైట్ పొరలు ఒకదానిపై ఒకటి జారే స్వభావం కలవి. కొవ్వొత్తి మైనం కూడా పనిచేస్తుంది. నూనె మాత్రం వద్దు, కాగితం పీల్చేసుకుని మెత్తబడుతుంది.

కడ్డీ ఇరుక్కుంటే: చెక్క బీరువా సొరుగును ఒక పక్క పట్టుకుని లాగితే వంకరపోయి బిగుసుకుంటుంది. తొడుగు పొట్టిదైతే కడ్డీకీ అదే గతి పడుతుంది. క్యామ్ బిళ్లను తాకే చోటు మధ్య నుంచి అటూ ఇటూ 8 మి.మీ. దాకా జరుగుతుంది. ఆ పక్క తోపుడును తట్టుకోవడానికే తొడుగు 25 మి.మీ. ఉంది. సందు 0.2 మి.మీ. అనుకుంటే, ఈ తొడుగులో కడ్డీ పై కొన సుమారు అర మిల్లీమీటరు ఊగుతుంది. అదే సందుతో తొడుగు 5 మి.మీ. మాత్రమే ఉంటే ఊగుడు 3 మి.మీ. అవుతుంది.

పిడి తిరిగినా క్యామ్ తిరగకపోతే: బంక ఊడింది. పిడి పట్టీ పొడవు 25, క్యామ్ జరుపు 8 మి.మీ. కాబట్టి, ఘర్షణను పక్కన పెడితే, ఎత్తాల్సిన బరువులో మూడో వంతు బలం వేళ్లకు చాలు. ఆ సులువుకు బదులుగా చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి. అంతకు మించి గట్టిగా తిప్పాల్సి వస్తోందంటే ఎక్కడో రాపిడి ఉన్నట్టే. బలం పెంచకుండా కారణం వెతకాలి.

క్యామ్ మారిస్తే కదలిక మారుతుంది

పెట్టెను కదపకుండా క్యామ్ ఒక్కటే మార్చి చూస్తే బిళ్ల అంచు ఆదేశాలు ఎలా మోస్తుందో తెలుస్తుంది. పొడవు వైపు 28, వెడల్పు వైపు 20 మి.మీ. ఉండే కోడిగుడ్డు వంటి దీర్ఘవృత్తానికి సరిగ్గా మధ్యలో రంధ్రం చేస్తే, ఒక చుట్టులో పిట్ట రెండుసార్లు రెక్కలు కొడుతుంది. కానీ ఎత్తు తేడా 8 మి.మీ. మాత్రమే కాబట్టి ఊపు దాదాపు సగమవుతుంది.

నత్తగుల్లలా వ్యాసార్థం క్రమంగా పెరిగి, ఒకచోట ఒక్కసారిగా తగ్గే క్యామ్ కడ్డీని మెల్లగా ఎత్తి టక్కున వదిలేస్తుంది. సుత్తి కొట్టే మనిషి బొమ్మకు ఇది తగినది. వెనక్కి తిప్పితే మెట్టు అడ్డుపడి ఆగిపోతుంది. దీనికి వెడల్పు బిళ్ల పనికిరాదు. చదును బిళ్ల గుంటల మీద వంతెనలా నిలిచి, లోతు తెలుసుకోలేదు. కడ్డీ చివర సన్నగా, గుండ్రంగా ఉంటేనే అంచులోని ప్రతి మలుపూ కదలికగా మారుతుంది. ముందుగా కావలసిన కదలికను గ్రాఫుగా గీసుకుని, ప్రతి 30 డిగ్రీలకు ఎంత ఎత్తు కావాలో రాసుకుని, ఆ దూరాలను ఇరుసు చుట్టూ గుర్తించి కలిపితే క్యామ్ సిద్ధం. తొమ్మిదో తరగతి విద్యార్థికి గ్రాఫు ఎందుకో ఇంతకన్నా సూటిగా చెప్పే పాఠం అరుదు.

పిడి లేకుండా కదిలేవి

పెంగ్విన్ బాంబు వంటి నమూనాల్లో తిప్పే పిడి ఉండదు. లోపల రబ్బర్ బ్యాండ్ ఉంటుంది. బొమ్మను చదునుగా నొక్కినప్పుడు చేతి శ్రమ సాగిన రబ్బరులో స్థితిజ శక్తిగా నిలుస్తుంది, కాగితపు మడతలు దాన్ని పట్టి ఉంచుతాయి. నేలకు తగిలిన చిన్న దెబ్బ ఆ పట్టును తప్పిస్తుంది. దాగిన శక్తి ఒక్కసారిగా కదలికగా బయటపడుతుంది. బల్ల అంచున నిలబెట్టిన సీసాను వేలితో తాకితే పడిపోయినట్టే ఇది. పడేసే శక్తి వేలిది కాదు, ముందే అక్కడ ఉన్నది. ఎలుకల బోను, టార్చి స్విచ్చు కూడా ఇదే సూత్రంపై ఆధారపడతాయి.

అసలు మడతలే యంత్రం కావచ్చని జపాన్ శాస్త్రవేత్త కొర్యో మియురా చూపించారు. ఆయన 1970లో వివరించిన మడతలో కాగితం ఎదురెదురు మూలలు పట్టి లాగితే మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది, నెడితే ముడుచుకుంటుంది. 1995లో జపాన్ ప్రయోగించిన ‘స్పేస్ ఫ్లయర్ యూనిట్’ ఉపగ్రహంలో సౌర ఫలకాన్ని విప్పే ప్రయోగానికి ఈ మడతనే వాడారు.

బొమ్మ దగ్గర ఆగని విద్య

జపాన్ కర్మాగారాల్లో ‘కరకురి కైజెన్’ అనే పద్ధతి ఉంది. బరువు, వాలు, స్ప్రింగు, తులాదండం వంటివాటితోనే, వీలైనంతవరకు కరెంటు అక్కర్లేకుండా సామాన్లు కదిలించే ఏర్పాట్లను కార్మికులే ఆలోచించి కట్టుకుంటారు. టయోటా వంటి సంస్థలు దీన్ని వాడుతున్నాయి. నిండిన పెట్టె తన బరువుతో కిందికి దిగుతూ, ఖాళీ పెట్టెను వెనక్కి పంపడం ఇందులో ఒక మామూలు ఉపాయం. టీ గిన్నె బరువుకు కదిలిన ఆ పాత బొమ్మ తర్కమే ఇక్కడ సరుకు మోస్తోంది.

మన దేశంలో చెత్తబుట్టలో పడే వస్తువులతో విజ్ఞాన బొమ్మలు చేయించిన అరవింద్ గుప్తా కృషి కూడా ఇలాంటి దారిలోనిదే. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. ప్రయోగశాల లేని బడిలోనూ ప్రయోగం ఆగనక్కర్లేదని ఆ బొమ్మలు చెబుతూ వచ్చాయి. కాగితపు క్యామ్ పెట్టె ఆ వరుసలో తేలిగ్గా చేరిపోతుంది. తరగతిలో నలుగురైదుగురికి ఒక పెట్టె ఇచ్చి, పెట్టె ముందు భాగాన్ని అట్టతో మూసి, ‘లోపల ఏ ఆకారం ఉంది?’ అని అడిగి చూడొచ్చు. పిడిని మెల్లగా తిప్పుతూ, ప్రతి 30 డిగ్రీలకు కడ్డీ ఎత్తును స్కేలుతో కొలిచి, లోపలి క్యామ్ ఎలా ఉంటుందో పిల్లలే గీస్తారు. తర్వాత అట్ట తీసి సరిచూసుకోవచ్చు. గీసిన బొమ్మ, లోపలి బిళ్ల ఎక్కడ కలవలేదో అక్కడి నుంచే తర్వాతి చర్చ మొదలవుతుంది.